ఇక్బాలున్నీసా మొగుడు బతికే ఉన్నాడు

హుస్సేనీ ఆలంలో మేముండే ముసలివాళ్ల ఇంటి మీద ఒక నవల వచ్చింది. రాసిన అమ్మాయికి అదే మొదటి పుస్తకమట. పేపర్లో ఫోటో వేశారు, శాలువా కప్పారు, చదివినవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారట. పెట్టుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అందులో ఒక ముసలామె ఉంది. ఆమె మొగుడు చచ్చిపోయి ఇరవై ఏళ్లయిందని రాసి ఉంది. ఆ ముసలామె ఎవరో కాదు, నా పక్క మంచం మీద పడుకునే ఇక్బాలున్నీసా. ఆమె మొగుడు అబ్దుల్ వాహెద్ ఈ పొద్దు కూడా గోడకు అవతల కూర్చుని చాయ్ తాగాడు. బతికున్న మనిషిని చంపి అచ్చు వేస్తే అడిగేవాళ్లే లేరా? నేను అడుగుతాను. నేను చదివింది మూడో తరగతి వరకే. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఆ చదువు చాలు.

ముందు ఇక్బాలున్నీసా ఎవరో చెప్తాను. నవలలో ఆ సంగతి ఒక్క ముక్క కూడా లేదు.

ఆమె పుట్టింది ఇక్కడికి నాలుగు సందుల అవతల. తల్లి లక్క గాజులు చేసేది. పాలపళ్లు ఊడే వయసుకే పిల్లను కుంపటి ముందు కూర్చోబెట్టింది. బొగ్గుల సెగకు లక్క మెత్తబడగానే చెక్కతో రుద్ది, గుండ్రంగా వంచి, అది గట్టిపడేలోపు నగీనా రాళ్లు ఒక్కొక్కటే అద్దాలి. ఆలస్యమైతే రాయి నిలవదు, తొందరపడితే వేలు కాలుతుంది. అట్లా కాలి కాలి ఆమె వేళ్ల కొసలు నున్నగా అయిపోయాయి. ఆధార్ కార్డుకు వేలిముద్ర పడక మిషన్ వాడు తల పట్టుకుంటే, "నా గీతలన్నీ పెళ్లికూతుళ్ల చేతుల మీదున్నయి, ఆడికి వోయి తీస్కో" అన్నదట. ఆ మనిషి నోరు అట్లాంటిది. నా నోటికి సరిజోడు కాబట్టే మాకు స్నేహం కుదిరింది.

అబ్దుల్ వాహెద్‌కు బహదూర్‌పురాలో జూ గేటు దగ్గర సైకిల్ స్టాండు ఉండేది. సాయంత్రం ఇంటికి రాగానే ఆ రోజు జంతువుల ఖబర్లన్నీ చెప్పేవాడు. సింహం అన్నం మానేసింది, చింపాంజీ ఎవరి కళ్లజోడో లాక్కుంది, ఏనుగుకు జలుబు చేసింది. సగం నిజం, సగం ఆయన కట్టినవి. ఆమె కుంపటి ముందు నుంచి తల ఎత్తకుండా వింటూ, అబద్ధం వచ్చిన చోటల్లా ఊఁ కొట్టడం ఆపేసేది. దాంతో ఆయనకు కోపం వచ్చేది. ఉప్పు దగ్గర లొల్లి, ఫ్యాన్ స్పీడు దగ్గర లొల్లి, కూతురికి పేరు పెట్టే దగ్గర మస్తు లొల్లి. ఆ కూతురే ఉమ్మే హానీ. ఇప్పుడు బహదూర్‌పురాలోనే కాపురం. ప్రతి శుక్రవారం డబ్బాలో దాల్చా పట్టుకొని వస్తుంది. నవలలో ఈ కూతురు లేదు. పిల్లలు వదిలేసిన తల్లి అని రాశారు.

ఎవరూ వదిలేయలేదు. అబ్దుల్ వాహెద్‌కు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మూతి వంకరపోయింది, మాట పోయింది. వాళ్లుండేది మేడ మీద, మెట్లు నిటారుగా ఉంటాయి. ఆయన్ను దించాలంటే నలుగురు మగవాళ్లు కావాలి. కూతురు తన ఇంటికి రమ్మని ఏడ్చింది. ఇక్బాలున్నీసా ఒప్పుకోలేదు. "అల్లుని ఇంట్ల మూలకు కూసొని, ఎవరన్న వస్తె కాళ్లు ముడుసుకునుడు నాతోని కాదు" అని, తానే ఈ ఇంటికి వచ్చి మాట్లాడుకుంది. మొదట ఆయన్ను చేర్చింది. ఆడవాళ్ల వైపు మంచం ఖాళీ కాగానే తానూ వచ్చింది. ఎవరో తెచ్చి పడేసిన మనిషి కాదామె. మొగుణ్ణి వెంటబెట్టుకొని తన కాళ్ల మీద నడిచి వచ్చిన మనిషి.

మా ఇల్లు వెనకటి దేవిడీ, నవాబుల నాటి పెద్ద భవంతి. మగవాళ్లకొక వాకిలి, ఆడవాళ్లకొక వాకిలి, మధ్య గోడకు పాత టేకు తలుపు. పొద్దు వాలే వేళ ఆ తలుపు తీస్తారు. ఇటువాళ్లు అటు పోయి ఒక పలకరింపు పలకరించి, చీకటి పడకముందే వచ్చేస్తారు. ఇక్బాలున్నీసా ఆ వేళకు గిన్నె పట్టుకొని తయారుగా ఉంటుంది. ఆయన కుర్చీని తలుపు దగ్గరికి తోసుకొస్తారు. మెత్తగా పిసికిన కిచిడీ ఆయన ఎడమ దవడలో పెట్టి, మింగేదాకా గొంతు నిమిరి, మళ్లీ ముద్ద పెట్టాలి. కుడి వైపు పెడితే పొలమారుతుంది. పొద్దున పాలు, మధ్యాహ్నం గంజి ఎవరు పోసినా తాగుతాడు. అన్నం మాత్రం ఆమె చేత్తోనే తింటాడు. వేరేవాళ్లు పెడితే నోరు బిగిస్తాడు. అంత జిద్దు మనిషి.

ఆ తలుపు దగ్గరికే వచ్చింది నవల రాసిన అమ్మాయి కీర్తిప్రియ.

పిల్ల చెడ్డది కాదు. మూసీకి అవతలి నుంచి కారులో వచ్చేది. సందులోకి కారు రాదు కాబట్టి నడిచి వచ్చేది, అరటిపళ్లు తెచ్చేది, అందరినీ అమ్మమ్మగారూ అనేది. మా ఇంటి వ్యవహారాలు చూసే ప్రహ్లాద్, "మేడం, ఎవరెవరు ఎక్కడినుంచి వచ్చిన్రో చెప్పాల్నా" అని అడిగితే, "వద్దండీ, వివరాలు తెలిస్తే నా ఊహ చచ్చిపోతుంది. నాకు వీళ్ల ఫీలింగ్స్ చాలు" అన్నది. నేను అక్కడే పప్పు ఏరుతున్నాను. ఫీలింగ్సులో రాళ్లు ఎవరు ఏరుతారో అనుకున్నాను, అడగలేదు.

ఆమె వచ్చింది మొహర్రంలో. నెలవంక కనబడిన రాత్రే ఇక్బాలున్నీసా చేతుల గాజులన్నీ తీసి గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేస్తుంది. నల్ల బట్టలు కడుతుంది. నవ్వదు, వక్క నమలదు, పెళ్లి మాట ఎత్తదు. కర్బలాలో ప్రాణాలిచ్చిన ఇమాంల కోసం పట్టే దుఃఖం అది, పుట్టింటి నుంచి ఆమెకు అదే ఆచారం. రెండు నెలల పైన ఆ దుఃఖం నడుస్తుంది. ఈ సందుల్లో పాకే పిల్లకు కూడా ఆ బోసి చేతులు ఎందుకో తెలుసు. పీర్లకు ఊదు వేసే మా హిందువుల ఇళ్లలోనూ తెలుసు. అందుకే ఆ అమ్మాయికి చెప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు. మా దగ్గర అది చెప్పే సంగతి కాదు.

ఆ అమ్మాయి ఏం చేసింది? బోసి చేతులు చూసింది, నల్ల బట్టలు చూసింది, వితంతువు అని రాసుకుంది. నవ్వని మొహం చూసి దిక్కులేనిది అని రాసుకుంది. తలుపు దగ్గర ఒక మగమనిషికి ముద్దలు పెట్టడం చూసి, "ఆయన ఎవరండీ?" అని ఒక్కసారి అడిగింది. మా కాలపు ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పరు, మొగుడు అని కూడా చప్పున అనరు. ఇక్బాలున్నీసా కొంగు సర్దుకొని, "ఉన్నరు లే బిడ్డా, పాత జాన్ పహచాన్" అన్నది. అంతే. పాత పరిచయం అన్న ఆ ఒక్క మాట మీద నవల లేచింది. గాజులు మళ్లీ చేతులకు ఎక్కేసరికి ఆ అమ్మాయి రావడం మానేసింది. ఇంట్లో కూర్చుని రాసుకుంటోందని ప్రహ్లాద్ చెప్పాడు.

పుస్తకం అచ్చయి వచ్చాక, మధ్యాహ్నం పూట ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి నేనే చదివి వినిపించాను. ఇక్బాలున్నీసాకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. పేరు మార్చినా తలుపు మాది, గిన్నె ఆమెది అని అందరికీ తెలిసిపోయింది. ముసలామె, ముసలాయన తలుపు దగ్గర గుసగుసలాడుకుంటారు. ఆ గుసగుసల్లో ఆలస్యంగా పూసిన ప్రేమ ఉందట. మిగతా ముసలమ్మలు చెవులు కొరుక్కుంటారట. చివరికి ముసలామె చచ్చిపోతుందట, ముసలాయన ఒంటరిగా మిగిలిపోతాడట.

ఇక్బాలున్నీసా మొదట పడీ పడీ నవ్వింది. "యా అల్లా, ఈ వయసుల నాతోని ఇష్క్ జేపిచ్చింది. ఎవరితోని, నాగమణక్కా? అందగాడేనా?"

"మీ ఆయనతోనే."

"అరె. మరి గండ్ల నా మొగుడేడి?"

నేను పేజీ వెనక్కి తిప్పి చూసి చెప్పాను. "నీ మొగుడు ఇరవై ఏండ్ల కిందట్నే సచ్చిపోయిండట."

నవ్వు ఆగిపోయింది. చేతి గాజులు ఒకసారి తడుముకుంది. "తౌబా" అన్నది. "నా గాజులు నేను ఇమాంల కోసం తీసిన. ఆయన కోసం కాదు. ఆయన నడుస్తలేడు గని బతికే ఉండు గద, అక్కా" అన్నది. ఊళ్లో ఎవరి ఇంట పెళ్లయినా పిలిచి తీసుకుపోయి గాజులు తొడిగించుకున్న చేతులవి. ఆ చేతుల్ని చూసి ముండమోపి అని రాస్తే నాకు ఒళ్లు మండిపోదా?

అంతటితో పోయినా బాగుండేది. పుస్తకం చదివినవాళ్లు మా ఇల్లు వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. ఆడవాళ్లు గుంపులుగా వచ్చి తలుపు ముందు ఫోటోలు దిగారు. ఒకామె నా భుజం తట్టి, "ఆ ముసలాయన ఇంకా ఉన్నారా, ఎలా తట్టుకుంటున్నారు?" అని అడిగింది. చందాలిచ్చే ఒక పెద్దమనిషి ప్రహ్లాద్‌ను పిలిచి, మీ ఆశ్రమంలో ఇట్లాంటివి నడుస్తున్నాయా అన్నాడట. ఆ మర్నాటి సాయంత్రం టేకు తలుపుకు తాళం పడింది.

ఇక్బాలున్నీసా గిన్నె పట్టుకొని తలుపు ముందు నిలబడింది. అవతల కుర్చీ చక్రాల చప్పుడు వచ్చింది, ఆగింది. నేను పోయి ప్రహ్లాద్‌ను ఆఫీసు గదిలో పట్టుకున్నాను.

"తాళం ఏంది?"

"కొన్ని రోజులమ్మా. లొల్లి జర సల్లబడేదాంక."

"వాళ్లిద్దరు మొగుడు పెండ్లాలని నీకు తెల్వదా?"

"అయ్యో, నాకు తెల్వకపోవుడేంది? నేనే గద భర్తీ చేసుకున్న. గని బుక్కు సదివినోళ్లకు తెల్వదు గదమ్మా."

"అయితె సదివినోళ్లకు చెప్పు."

"ఎంతమందికని చెప్పాలె?"

"మరి తాళం ఎంతమందికి ఏసినవ్? ఇద్దరికే గద."

ప్రహ్లాద్ ఫోన్ చూసుకున్నాడు. "మన ఇంటికి పేరొచ్చిందమ్మా. జర మీరు గూడ సమజ్ చేస్కోవాలె" అన్నాడు.

పేరు వచ్చింది నిజమే. అన్నం పోయింది. మగవాళ్ల వైపు పని చేసే కైలాసం మంచివాడు, ఓపిక ఉన్నవాడు. అబ్దుల్ వాహెద్ నోరు తెరిపించాలని పాట పాడాడు, బతిమాలాడు, అలిగాడు. లాభం లేదు. పాలు, గంజి మీదే రోజులు గడిచాయి. కైలాసం మా కిటికీ కింద నిలబడి, "బీబీ, పెద్దాయన మెడ కింద ఎముకలు తేలుతున్నయ్. డాక్టర్ సారు గిట్లనే ఉంటె ముక్కుల పైపు ఏస్తమంటుండు" అని చెప్పాడు. ఆ రాత్రి ఇక్బాలున్నీసా గిన్నెలో కూడా అన్నం అట్లాగే ఉంది. శుక్రవారం ఉమ్మే హానీ వచ్చి ప్రహ్లాద్‌తో గట్టిగా కొట్లాడింది. "అమ్మా, మా ఇంటికి పోదాం పా. ఇద్దర్ని తీస్కపోత" అన్నది. ఇక్బాలున్నీసా, "నా ఇంట్ల తాళం ఏసిండని నేను నీ ఇంటికి ఎందుకు పోత? తాళం తీపిస్త" అన్నది. ఎట్లా తీపిస్తుందో అప్పుడు నాకూ తెలియదు.

కీర్తిప్రియకు ఏదో బహుమతి వచ్చింది. సన్మానం మా ఇంట్లోనే పెట్టాలని ఎవరికో బుద్ధి పుట్టింది. మగవాళ్ల వాకిట్లో షామియానా వేశారు, మైకు పెట్టారు, కుర్చీలు వేశారు. తలుపుకు బంతిపూల దండలు కట్టి, చుట్టూ రంగు బల్బులు వేలాడదీశారు. నవల తలుపట. దాని ముందు రచయిత్రి ఫోటో దిగుతుందట. తాళం మాత్రం తీయలేదు. పూలు కప్పితే కనబడదు కదా. మమ్మల్ని వీధిలోంచి తిప్పి, మగవాళ్ల గేటు గుండా లోపలికి తీసుకొచ్చారు. ఒక వాకిట్లోంచి పక్క వాకిట్లోకి రావడానికి ముసలమ్మలం సందు చుట్టూ నడిచాం.

ప్రసంగాలు అయ్యాయి. ప్రహ్లాద్ మైకులో ఇక్బాలున్నీసాను పిలిచాడు. మేడం గారితో తలుపు ముందు ఒక ఫోటో అన్నాడు. ఆమె లేచింది. వేదిక దాటి, ఫోటో తీసేవాణ్ణి దాటి, మగవాళ్ల వరుసలో చివరికి నెట్టి పెట్టిన చక్రాల కుర్చీ దగ్గరికి పోయింది. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. కైలాసాన్ని చూసింది. వాడు అర్థం చేసుకొని వంటింట్లోంచి కిచిడీ గిన్నె తెచ్చి చేతికిచ్చాడు.

అంతమంది ముందు ఆమె ముద్ద కలిపింది. "ముహ్ ఖోలో జీ" అన్నది. ఆయన ఆమెనే చూస్తున్నాడు కానీ నోరు తెరవలేదు. ఇన్నాళ్లు రాలేదని అలక. ఆమె గొంతు పెంచింది. "జూ కా హాథీ భీ తుమ్ సే అచ్ఛా ఖాతా. క్యా నఖ్రే హై." వెనక వరుసలో మా సందువాళ్లు పక్కున నవ్వారు. అబ్దుల్ వాహెద్ మూతి వంకరగా కదిలింది. నోరు తెరిచాడు. ఆమె ఎడమ దవడలో ముద్ద పెట్టి, గొంతు నిమురుతూ తిట్టడం మొదలుపెట్టింది.

కీర్తిప్రియ నా పక్కకు వచ్చి వంగింది. "ఏమంటున్నారు అమ్మమ్మగారూ? అప్పట్లో కూడా ఇలాగే మాట్లాడేవారు. నాకు ఉర్దూ రాదు, ఎంత తీయగా ఉండేదో."

"జూల ఏనుగన్న నీకన్న మంచిగ తింటది, ఏం నఖ్రాలు అంటున్నది. గట్ల మొగుణ్ణి గాక ఎవర్నంటరు బిడ్డా?"

ఆ పిల్ల వంగిన నడుము ఎత్తింది. "మొగుడా? కానీ చేతులకు గాజులు… నల్లచీర…"

"మొహర్రం. నువ్వొచ్చింది మొహర్రంల. గేటు బయట బజ్జీలు ఏసేటాయన్ని అడిగినా చెప్పెటోడు."

"ఎవరూ చెప్పలేదే నాకు."

"నువ్వు చేతులు జూసినవ్. నోరు తెరిసి అడగలే. వివరాలు తెలిస్తె నీ ఊహ సస్తదని మనిషిని సంపినవ్."

ఆ పిల్ల చదువుకున్న మాట ఒకటి తీసింది. "నవల అంటే కల్పన అమ్మమ్మగారూ. అందులో ఉన్నది ఆవిడ కాదు."

"ఆమె కాకపోతె తాళం ఆమెకెట్ల పడ్డది?"

ప్రహ్లాద్ ఆ పిల్లను మళ్లీ మైకు దగ్గరికి పిలిచాడు. వెళ్లి రెండు ముక్కలు నిజం చెప్తుందనే అనుకున్నాను. అంత కష్టమా? ఆయన ఆమె భర్త అంటే సరిపోయేది. ఆ అమ్మాయి మైకు పట్టుకొని, జీవితం మన ఊహల కంటే పెద్దదని చెప్పి, కళ్లు తుడుచుకొని దిగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

జనం వెళ్లిపోయారు. కుర్చీలు మడిచి ఆటోలో వేస్తున్నారు. ఆడవాళ్లందరినీ వీధి గేటు వైపు నడిపిస్తున్నారు. ఇక్బాలున్నీసా లేవలేదు.

"అమ్మా, పొద్దుగూకుతుంది, పోదాం పారి" అన్నాడు ప్రహ్లాద్.

"పోత. తలుపు తీయి."

"గేటుకెళ్లి పోండ్రి. అందరు అట్లనే పోతున్నరు."

"వాళ్ల ఇష్టం. నేను వీధి మనిషిని కాను, ఈ ఇంటి మనిషిని. తలుపులకెళ్లే పోత."

"చాబీ ఆఫీసుల ఉన్నదమ్మా."

"ఆఫీసు కాళ్లొచ్చి యాడికన్న పోయిందా?" అన్నాను నేను. నేనూ కదల్లేదు.

"ఇక్బాల్ అమ్మా, ఇది మగవాళ్ల జాగ. చీకటైనంక మీరు ఈడుంటె జనం ఏమనుకుంటరు?"

ఇక్బాలున్నీసా మొగుడి మూతి తుడిచి, చెంగు విదిలించుకుంది. "ఏమనుకుంటరో బుక్కుల సదువుకోమను. ఒక తలుపు కాడ నిలబడితెనే అంత బుక్కు అయింది. రాత్రంత ఈడ్నే కూసుంట. ఇంకోటి రాసుకోనీ. చందా ఇచ్చే సాబుకు ఫోన్ జేసి నువ్వే చెప్పు, ప్రహ్లాద్."

అబ్దుల్ వాహెద్ గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. దగ్గు కాదు. చాలా రోజులకు విన్నాను ఆయన నవ్వు. కైలాసం మొహం తిప్పుకున్నాడు. షామియానా విప్పేవాళ్లు కూడా గుంజ పట్టుకొని నిలబడి చూస్తున్నారు.

ప్రహ్లాద్ ఆఫీసులోకి పోయి తాళంచెవి తెచ్చాడు. బంతిపూల దండ అడ్డం పడితే తెంపి కింద పడేశాడు. తాళం తీశాక తలుపు బార్లా తెరిచాడు. ఇక్బాలున్నీసా వెంటనే లేవలేదు. గిన్నెలో ఇంకా నాలుగు ముద్దలున్నాయి. అవి పూర్తిగా తినిపించి, ఆయన మెడ చుట్టూ తుండుగుడ్డ సర్ది, అప్పుడు లేచింది. "రేపు నోరు ముడుస్తె గిన్నె నెత్తిన కుమ్మరిస్త" అని ఆయనకు చెప్పి తలుపు దాటింది.

తాళం మళ్లీ పడలేదు. ముక్కులో పైపు మాట డాక్టరు మళ్లీ ఎత్తలేదు. ఫోటోల కోసం వచ్చేవాళ్లు ఇంకా వస్తున్నారు. వాళ్లకు ఆయన ఆమె మొగుడని నేనే చెప్తాను. కొందరు మొహం మాడ్చుకుంటారు. మొగుడైతే ఇక అందులో ప్రేమ ఏముందని వాళ్ల బాధ.

కీర్తిప్రియ ఫోన్ చేసింది. పుస్తకం రెండోసారి అచ్చు వేస్తున్నారట. ఏమీ మార్చడం కుదరదట. ముసలామె చావు దగ్గరే చదివేవాళ్లంతా ఏడుస్తున్నారట, అది తీసేస్తే పుస్తకమే లేదట. ఈ సంగతి ఇక్బాలున్నీసాకు చెప్పాను.

"నేను సస్తె సస్త, ఫికర్ లేదు. ఏడ్చుకోనీ. గని నేను పోయినంక పక్కన కూసొని ఏడ్చెటోడు నా మొగుడని రాయమను, నాగమణక్కా."

ఆ మాట ఉన్నది ఉన్నట్టు ఆ అమ్మాయికి ఫోన్‌లో చెప్పాను. ఆలోచిస్తాను అన్నది. ఇంకా ఆలోచిస్తూనే ఉంది.